పూచీ పడిన నవలలు: మేరీ బర్చెల్ ‘వారెండర్’ మాలలో చివరి నవల

ప్రణయనవలకు ముగింపు కొత్తగా వెతుక్కోవలసినది కాదు. నాయికానాయకుల మధ్య అపోహ తొలగి, పెళ్లి నిశ్చయం కావడంతో కథ తీరుతుంది. అది అలాగే తీరుతుందని ముందే ఎరిగి ఉండడం పాఠకురాలి సంతోషంలో సగభాగం. అటువంటి నవలలు ఒకే పాత్రలోకంతో పదో పదిహేనో వరుసగా వెలువడినప్పుడు మాత్రం ఒక చిక్కు పుడుతుంది. ప్రతి నవలా తనంత తానుగా ముగిసినదే అయితే, వరుసలో చిట్టచివరి నవల ముగించేది దేనిని? అపరాధపరిశోధక నవలలకు ఈ చిక్కు లేదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఒక నేరం తేలగానే మరొక నేరానికి సిద్ధంగా ఉంటాడు. అతనికి చివరి కేసు ఒకటి ఉండితీరాలని పాఠకులు పట్టుపట్టరు. ప్రణయనవలలో నాయికకు ఆ వీలు లేదు. పెళ్లయిన నాయిక మరుసటి నవలకు నాయిక కాలేదు. ఆమెకు మిగిలేది చుట్టపుచూపుగా వచ్చిపోయే పాత్ర మాత్రమే.

నవలలను ఒక మాలగా కూర్చడం తెలుగువారికి తెలియని పని కాదు. విశ్వనాథ సత్యనారాయణ పన్నెండు నవలల ‘పురాణవైర గ్రంథమాల’ రాశారు. కానీ మన ప్రణయనవల ఈ దారి పట్టలేదు. అది పత్రికల్లో వారంవారం, నెలనెలా ధారావాహికగా నడిచి, ముగిసి, పుస్తకమై, మళ్లీ వేరే మనుషులతో కొత్తగా మొదలయింది. యద్దనపూడి సులోచనారాణి నవలల్లో పాఠకులు గుర్తుపట్టే లక్షణాలు ఎన్నో ఉన్నా, ‘సెక్రటరీ’ నాయిక పెళ్లయ్యాక ఏమయిందో చెప్పడానికి మరొక నవల రాలేదు. రావాలనే ఆకాంక్షా సాహిత్యచర్చలో బలంగా వినబడలేదు. తెలుగులో ‘సీరియల్’ అన్నది ఒకే కథను ముక్కలుగా అందించే పద్ధతి. ఇక్కడ చర్చించబోయే ఆంగ్ల ‘సిరీస్’ విడివిడి కథలను ఒకే లోకంలో నిలిపే పద్ధతి. రెండింటికీ ముగింపు ఒకే విధంగా ఉండదు.

మేరీ బర్చెల్ అనే పేరుతో ఐడా కుక్ రాసిన ‘వారెండర్’ నవలామాల ఇందుకు తగిన ఉదాహరణ. 1965లో ‘ఎ సాంగ్ బిగిన్స్’ (ఒక పాట మొదలవుతుంది)తో ప్రారంభమై, 1985లో ‘ఆన్ వింగ్స్ ఆఫ్ సాంగ్’ (గానపు రెక్కల మీద)తో ఆగిన పదమూడు నవలల వరుస ఇది. రచయిత్రి తన కాలపు బ్రిటన్‌నే కథాస్థలంగా తీసుకున్నది కనుక సమకాలీన ప్రణయనవల అనే వర్గంలోనే ఇది చేరుతుంది. ఈ మాలలోని చివరి నవల ఏ కథనూ విశేషంగా ముగించదనీ, అలా ముగించకపోవడానికి కారణం రచయిత్రి 1930ల నాటి అనుభవంలో కనబడుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ అనుభవానికి తెలుగులో సరిపోయే మాట ‘పూచీ’.

ముందుగా ప్రచురణ పరిస్థితి. మిల్స్ అండ్ బూన్ సంస్థ 1908లో పుట్టినప్పుడు సకలవిధాల పుస్తకాలూ వేసేది. 1930లలో అద్దె గ్రంథాలయాల గిరాకీని చూసి ప్రణయనవలలకు మళ్లింది. గోధుమరంగు అట్టలతో వచ్చే ఆ పుస్తకాలను పాఠకులు కొనడం కంటే అద్దెకు తెచ్చుకోవడమే ఎక్కువ. అద్దె గ్రంథాలయంలో ఏ పుస్తకం ఎప్పుడు చేతికి వస్తుందో చెప్పలేం. అందుచేత ఏ నవలకానవల స్వయంసంపూర్ణంగా ఉండడం ఆ వ్యాపారానికి అవసరం. ఐడా కుక్ ఈ వాతావరణంలోనే 1936లో ‘వైఫ్ టు క్రిస్టఫర్’ ప్రచురించి, ఆ తర్వాత అర్ధశతాబ్దంలో నూరుకు పైగా నవలలు రాసింది. వాటిలో ఎక్కువభాగం పరస్పరసంబంధం లేని విడి నవలలే. వారెండర్ మాల మొదలైన కాలానికి అద్దె గ్రంథాలయాల యుగం అస్తమిస్తున్నది, డబ్ల్యు. హెచ్. స్మిత్ గ్రంథాలయం 1961లోనూ, బూట్స్ గ్రంథాలయం 1966లోనూ మూతపడ్డాయి. చౌక కాగితపు అట్టల పుస్తకం వచ్చి ఆ చోటును ఆక్రమించింది. ఒక నవల చదివినవారు అదే లోకంలోని మరొకదాన్ని వెతికి కొనుక్కునే అవకాశం అప్పుడు ఏర్పడింది. మాలగా రాయడానికి ఇది అనుకూలించిన పరిస్థితి. అయితే ఏ లోకాన్ని మాలగా అల్లాలన్న ప్రశ్నకు వ్యాపారచరిత్రలో జవాబు దొరకదు.

మొదటి నవలలో ఆంథియా బెంటన్ అనే యువతికి మంచి గొంతు ఉంది, శిక్షణకు డబ్బు లేదు. ఒక పోటీలో న్యాయనిర్ణేతగా వచ్చిన ఆస్కార్ వారెండర్ అనే ప్రసిద్ధ వాద్యబృంద సంచాలకుడు ఆమెకు బహుమతి రాకుండా చేస్తాడు. తర్వాత పేరు చెప్పని దాత ఎవరో ఆమె చదువు ఖర్చు భరించడానికి ముందుకు వస్తారు. శిక్షణ ఇచ్చేది వారెండరే. అతడు కఠినుడు, మాటకు ఎదురు సహించనివాడు. దాత ఎవరన్నది ఊహించడం పాఠకులకు కష్టమేమీ కాదు. నవల చివర వారిద్దరూ ఒకటవుతారు. ఇంతవరకూ ఇది వాడుకలో ఉన్న కథే. విశేషం ఆ తర్వాతి పన్నెండు నవలల్లో ఉంది. ఆస్కార్, ఆంథియా వాటన్నిటిలోనూ సంగీతలోకపు దంపతులుగా కొనసాగుతారు. అతడు సంచాలకుడిగానే, ఆమె గాయనిగానే ఉంటారు. పెళ్లితో ఆంథియా వేదిక దిగిపోలేదు. నాయిక ఉద్యోగం పెళ్లిదాకానే అన్న ఒప్పందం ఈ నవలాజాతిలో బలంగా ఉన్న రోజుల్లో, పెళ్లయిన గాయని ఇరవై ఏళ్లపాటు తన వృత్తిలో నిలిచి ఉండడాన్ని పాఠకులు పన్నెండుసార్లు చూశారు. సాహిత్యచరిత్రకారులు దీనికి ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదని నా అభిప్రాయం.

తక్కిన నవలల నాయికలు వేరువేరు మనుషులు. ‘ది బ్రోకెన్ వింగ్’లో అవిటికాలు గల టెస్సా తన అందగత్తె కవలసోదరి నీడలో బతుకుతుంటుంది, గొంతు ఉన్నది మాత్రం ఈమెకే. ‘వెన్ లవ్ ఈజ్ బ్లైండ్’లో ఒక పియానో విద్యార్థిని, తన వాదనను తూలనాడిన కళాకారుడు చూపు కోల్పోవడానికి తానే కారణమని భావించి, పేరు దాచుకుని అతని దగ్గర కార్యదర్శిగా చేరుతుంది. ‘చైల్డ్ ఆఫ్ మ్యూజిక్’లో నాయిక సంగీతం నేర్పే ఉపాధ్యాయిని, కథ ఆమె చేతిలో పడిన ఒక ప్రతిభావంతురాలైన చిన్నపిల్ల చుట్టూ తిరుగుతుంది. అన్నిటిలోనూ ఒక ఘట్టం మాత్రం రూపం మార్చుకుంటూ వస్తూనే ఉంటుంది. బయట నిలబడి ఉన్న మనిషిని లోపల ఉన్నవారెవరో ‘ఈమెకు నేను పూచీ’ అని చెప్పి సంగీతలోకంలోకి తీసుకురావడమే ఆ ఘట్టం. ఆ పూచీ పడేవారు తరచు వారెండర్ దంపతులు, లేదా వారికి దగ్గరివారు. ప్రణయం కథను నడుపుతుంది, నిజమే. కానీ మాలను మాలగా కట్టి ఉంచే దారం ఈ పూచీయే.

ఇప్పుడు రచయిత్రి జీవితానికి రావాలి. ఐడా కుక్ 1904లో ఇంగ్లండులోని సండర్లాండ్‌లో పుట్టింది. ఆమె, అక్క లూయీజ్, ఇద్దరూ లండన్‌లో ప్రభుత్వ కార్యాలయాల్లో చిన్న గుమాస్తా ఉద్యోగాలు చేశారు. గ్రామఫోను రికార్డుల ద్వారా పట్టుబడిన ఒపేరా పిచ్చి వారిని వదలలేదు. సోప్రానో గాయని అమెలితా గల్లీ-కూర్చీని వేదిక మీద వినాలని రెండేళ్లపాటు తిండిఖర్చు తగ్గించుకుని డబ్బు కూడబెట్టి, 1927లో న్యూయార్కు వెళ్లివచ్చారు. గాయనీగాయకులతో వారికి ఏర్పడిన స్నేహాలు అభిమానుల హద్దు దాటి గాఢమయ్యాయి. సంచాలకుడు క్లెమెన్స్ క్రౌస్, అతని సహచరి గాయని వియోరికా ఉర్సుల్యాక్ ఆ స్నేహితుల్లో వారే. 1934లో ఈ ఇద్దరూ ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన సంగీతోపన్యాసకురాలు మీత్యా మాయర్-లిస్మాన్‌ను కుక్ సోదరీమణులకు పరిచయం చేసి, ఇంగ్లండు వచ్చినప్పుడు ఆమె బాగోగులు చూడమన్నారు. ఆమె యూదురాలన్న సంగతీ, జర్మనీలో యూదులకు ఏం జరుగుతున్నదన్న సంగతీ వారికి అప్పుడే అర్థమవుతూ వచ్చాయి.

తర్వాతి అయిదేళ్ల కథ ఐడా కుక్ 1950లో ప్రచురించిన ఆత్మకథ ‘వుయ్ ఫాలోడ్ అవర్ స్టార్స్’లో ఉంది. వారాంతంలో ఆఫీసు వదలగానే క్రాయిడన్ విమానాశ్రయం నుంచి కొలోన్‌కు, అక్కడినుంచి రాత్రిరైలులో మ్యూనిక్‌కు వెళ్లేవారు. సోమవారం ఉదయానికి హాలండు మీదుగా ఓడలో తిరిగివచ్చి ఉద్యోగంలో కూర్చునేవారు. వెళ్లిన సరిహద్దు గుండా తిరిగి రారు; ఒంటిమీద నగలు లేకుండా వెళ్లినవారు ముత్యాలతో వస్తున్నారని కాపలావారు గమనించకూడదు. చౌకరకం స్వెటరు మీద పెద్ద వజ్రాల పిన్ను గుచ్చుకుంటే చూసేవారు గాజురాళ్లనుకున్నారు. బొచ్చుకోట్లకు లండన్ దుకాణాల చీటీలు కుట్టుకున్నారు. ఎందుకింత తరచుగా వస్తున్నారని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒపేరా ఉండనే ఉంది. వారు వచ్చే తేదీలకు ప్రదర్శన ఉండేట్టు క్రౌస్ చూసేవాడు. ఈ పద్ధతిలో ఇరవైతొమ్మిది మందిని బయటపడేయగలిగారు. అందుకు కావలసిన డబ్బులో ముఖ్యభాగం మిల్స్ అండ్ బూన్ ఇచ్చిన పారితోషికాలే. అంటే, విమర్శకులు కాలక్షేపపు సరుకని తోసిపుచ్చిన నవలలు కొన్ని ప్రాణాలకు దారిఖర్చు అయ్యాయి. సోదరీమణులిద్దరినీ 1965లో యాద్ వషేమ్ సంస్థ పరజాతి ధర్మాత్ములుగా గుర్తించింది. వారెండర్ మాలలో మొదటి నవల వచ్చిన సంవత్సరమూ అదే.

ఈ సాహసకథలో నగల రవాణా ఎక్కువగా ఆకర్షిస్తుంది. అసలు పని అది కాదు. బ్రిటన్‌లో అడుగుపెట్టాలంటే శరణార్థికి ఒక పూచీదారు కావాలి. ఆ మనిషి ప్రభుత్వానికి భారం కాకుండా పోషిస్తామని బ్రిటిష్ పౌరులెవరో రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. కుక్ సోదరీమణుల కాలం చాలావరకు ఆ హామీలు సంపాదించడంలోనే గడిచింది. తెలిసినవారిని, తెలియనివారిని అడిగారు. తాము ఇవ్వగలిగినంత మేర తామే ఇచ్చారు. వచ్చినవారికి తాత్కాలికంగా తలదాచుకోవడానికి లండన్ డాల్ఫిన్ స్క్వేర్‌లో ఐడా ఒక వాటా తీసుకుంది. పూచీ దొరికినవారు బతికారు, దొరకనివారు అక్కడే ఉండిపోయారు. నగల వెనుక ఉన్నదీ ఈ లెక్కే. జర్మనీ నుంచి డబ్బు తేనివ్వరు కనుక, నగలుగా మారిన ఆస్తి సరిహద్దు దాటితేనే హామీకి ఆధారం చూపించడం వీలవుతుంది.

ఇటువంటి పని అయిదేళ్లు చేసిన మనిషి, ముప్ఫయి ఏళ్ల తర్వాత ఒక నవలామాలకు పునాదిగా ‘పేరు చెప్పని దాత నాయిక ఖర్చు భరించడం’ అనే ఘట్టాన్ని ఎంచుకుంది. దీన్ని కాకతాళీయమని దాటవేయడం నాకు కష్టంగా తోస్తుంది. ఇందుకు ఒక ఆక్షేపణ ఉంది. అజ్ఞాతదాత అనేది ఆంగ్లకథల్లో పాత సరుకు. 1912లో జీన్ వెబ్‌స్టర్ రాసిన ‘డాడీ లాంగ్ లెగ్స్’లో అనాథ యువతిని చదివించేదీ అజ్ఞాతదాతే, చివరికి ఆమె పెళ్లాడేదీ అతన్నే. బర్చెల్ ఆ పరంపరను ఎరగనిది కాదు. ఆక్షేపణ మొదటి నవలవరకు నిలుస్తుంది. కానీ వెబ్‌స్టర్ కథలో దానం పెళ్లితో తీరిపోయే రహస్యం. వారెండర్ మాలలో అది తీరదు. పూచీ పొందిన ఆంథియా తర్వాతి నవలల్లో పూచీ పడే స్థానంలోకి వస్తుంది. లోపలికి వచ్చినవారు తలుపు దగ్గర నిలబడి ఇంకొకరిని లోపలికి పిలుస్తారు. ఇది పాత ఘట్టానికి బర్చెల్ చేర్చిన కొత్త అర్థం. డాల్ఫిన్ స్క్వేర్ వాటాను గుర్తుచేసేది ఇదే.

మాలలో మరొక ఇబ్బంది ఉంది. దాన్ని మృదువుగా చెప్పి తప్పించుకోకూడదు. ఆస్కార్ వారెండర్ నియంత. నాయిక ఏం పాడాలి, ఎప్పుడు పాడాలి, ఎప్పుడు పాడకూడదు అన్నది అతడే నిర్ణయిస్తాడు. నవల ఆ కాఠిన్యాన్ని క్షమించడమే కాక ఆరాధిస్తుంది. నేటి పాఠకులకు ఇది మింగుడుపడదు. సంచాలకుడైన భర్త, గాయని అయిన భార్య అనే జంటను చూడగానే క్రౌస్, ఉర్సుల్యాక్ గుర్తుకు వస్తారు. క్రౌస్ చరిత్ర సందిగ్ధమైనది. 1934 చివర ఎరిక్ క్లైబర్ నాజీల కళావిధానానికి నిరసనగా బెర్లిన్ ఒపేరా పదవి విడిచిపెట్టగా, ఆ పదవిని స్వీకరించినవాడు క్రౌస్. 1937లో మ్యూనిక్ ఒపేరా పెత్తనమూ అతనికే దక్కింది. యుద్ధం ముగిశాక మిత్రరాజ్యాలు 1947 దాకా అతని ప్రదర్శనలను నిషేధించాయి. ఆ కాలమంతటా కుక్ సోదరీమణుల పనికి తెరవెనుక సాయపడిన మనిషీ అతడే. ఆ ప్రభుత్వపు నీడలో వృద్ధిపొందాడు, అదే ప్రభుత్వం వేటాడినవారిని దాటించడానికి తోడ్పడ్డాడు. ఐడా కుక్ అతనిపట్ల కృతజ్ఞత ఎన్నడూ వదులుకోలేదు. అధికారం చేతిలో ఉన్న కఠినుడు లోలోపల ఎవరికో పూచీ పడి ఉంటాడన్న నమ్మకం ఆమె నవలల్లో ప్రణయసూత్రంగా కనబడుతుంది. ఆ నమ్మకానికి ఆధారమైన మనిషిని ఆమె ఎరుగును. అయితే ఒక మనిషి విషయంలో నిజమైనదాన్ని సూత్రంగా మార్చడం వేరే సంగతి. మాలలోని బలహీనత అక్కడ ఉంది.

1965 నుంచి 1976 వరకు పది నవలలు దాదాపు ఏడాదికొకటి చొప్పున వచ్చాయి. ఆ తర్వాత వేగం తగ్గింది. 1979లో ఆమె గాయకుడు టీటో గోబీ ఆత్మకథారచనకు తోడ్పడింది. 1980, 1982, 1985 సంవత్సరాల్లో ఒక్కొక్క నవల వచ్చింది. ఈలోగా ప్రణయనవలల వ్యాపారం రూపు మారింది. మిల్స్ అండ్ బూన్ 1971లోనే కెనడాకు చెందిన హార్లెక్విన్ సంస్థలో కలిసింది. 1980లో అమెరికాలో సిల్హౌట్ అనే పోటీ వరుస పుట్టింది. శృంగారవర్ణనలో పాత సంకోచాలు సడలాయి. బర్చెల్ మాత్రం తన నాయికలను కచేరీసభ నుంచి కదిలించలేదు. ఎనభై ఏళ్లు దాటిన రచయిత్రి 1985లో అచ్చువేసిన ‘ఆన్ వింగ్స్ ఆఫ్ సాంగ్’ మాలలోనే కాక ఆమె రచనాజీవితంలోనూ చివరి నవల.

చివరిది కనుక వీడ్కోలు ఉంటుందని ఎదురుచూసే పాఠకులకు ఇందులో అటువంటిది దొరకదు. సర్ ఆస్కార్ ఈ నవలలోనూ సంగీతలోకంలో మాట చెల్లే మనిషే, ఆంథియా అతని పక్కన ఉన్న కళాకారిణే. మళ్లీ ఒక యువతి, మళ్లీ సంగీతం, మళ్లీ ప్రేమ. వరుసలో దీన్ని ఏడోదిగా చదివినా నష్టం లేదు. ప్రణయమాలల చివరి నవలలు సాధారణంగా పాత జంటలన్నిటినీ ఒక పందిరికిందికి చేర్చి, పిల్లాపాపలతో చూపించి, దీపం ఆర్పుతాయి. ఇక్కడ దీపం ఆరదు. దీన్ని రచయిత్రి అలసటగా చదవవచ్చు. పూచీకత్తు మీద నడిచే లోకానికి ముగింపు ఉండదన్న అర్థంలోనూ చదవవచ్చు. రెండో పఠనం వైపు నన్ను మొగ్గించేది నవల శీర్షిక.

‘గానపు రెక్కల మీద’ అన్నది బర్చెల్ కల్పించిన పదబంధం కాదు. జర్మన్ కవి హైన్రిష్ హైనే 1820లలో ప్రచురించిన కవితకు ఫెలిక్స్ మెండెల్సన్ కట్టిన పాట పేరు అది. పాటలో ప్రియుడు ప్రియురాలిని గంగాతీరానికి తీసుకుపోతానంటాడు. అక్కడ వెన్నెల తోట, ఎదురుచూసే తామరలు, పుణ్యనది అలల చప్పుడు. బాన్ విశ్వవిద్యాలయంలో సంస్కృతాచార్యుడు ఆగస్ట్ విల్‌హెల్మ్ ష్లేగెల్ ఉపన్యాసాలు విన్న యువకవి ఊహించుకున్న భారతదేశం అది. మనదేశాన్ని చూడని కవి రాసిన ఆ గంగ మన గంగ కాదు. అది బహిష్కారం లేని చోటుకు పెట్టిన పేరు. హైనే, మెండెల్సన్ ఇద్దరూ యూదుకుటుంబాల్లో పుట్టినవారు. 1933లో నాజీలు తగలబెట్టిన పుస్తకాల్లో హైనేవి ఉన్నాయి. 1936లో లైప్‌జిగ్ కచేరీభవనం ముందున్న మెండెల్సన్ విగ్రహాన్ని తొలగించారు. ఆ ఏడాదే లండన్‌లో ఐడా కుక్ మొదటి నవల అచ్చయింది, వారాంతపు ప్రయాణాలకు డబ్బు సమకూరసాగింది.

రచయిత్రి ఇదంతా మనసులో పెట్టుకుని శీర్షిక ఎంచుకున్నదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ పాట ఆంగ్లేయుల ఇళ్లలో అందరికీ తెలిసినదే. ప్రేమకథకు అందమైన పేరుగానే చాలామంది దాన్ని తీసుకుని ఉంటారు. కానీ శీర్షికకు దాని చరిత్ర వెంట ఉంటుంది. జర్మన్ వేదికల నుంచి వెలివేసిన పాట పేరు, ఆ వేదికల అభిమానిగా నటిస్తూ వెలివేతకు గురైనవారిని దాటించిన మనిషి రాసిన చివరి పుస్తకం అట్టమీద ఉంది.

ఐడా కుక్ 1986 డిసెంబరులో మరణించింది, లూయీజ్ 1991లో. ఆత్మకథను 2008లో ‘సేఫ్ పాసేజ్’ (క్షేమప్రయాణం) అనే కొత్త పేరుతో తిరిగి అచ్చువేసినది హార్లెక్విన్ సంస్థే. సోదరీమణులు తొలుత ఇంగ్లండుకు తెచ్చిన మీత్యా మాయర్-లిస్మాన్ కూతురు ఎల్సే లండన్‌లో స్థిరపడి, యువగాయకులకు శిక్షణ ఇచ్చే ఒపేరా కార్యశాలను నడిపింది.